దొర కడుపులో మెలిక

ఆ ఆదివారం పొద్దున కోటగిరిలోని ఏసయ్య ఇంట్లో ఒకటే హడావుడి. చర్చిలో కోతపండుగ. ఎవరి చేనులో పండింది వాళ్లు ఊరేగింపుగా తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆ తర్వాత వాటిని వేలం వేస్తారు. కోడలు రెబెకా ఒక చేత్తో పులిహోర కలుపుతూ, ఇంకో చేత్తో కూతురి జడ రిబ్బను కోసం వెతుకుతున్నది.

"సువర్ణా! గుమ్మడికాయ కడిగినవా? మీ డాడీ బండి తీస్తుండు, నువ్వింకా గట్లనే కూసున్నవా?"

సువర్ణ తల ఊపింది. ఇంటర్ చదివే ఆ పిల్ల నోట్లోంచి మాట రావడమంటే ఎండాకాలంలో వాన పడినట్టే.

వాకిట్లో నవారు మంచం మీద దొర పడుకొని ఉన్నాడు. మనిషి కాదు, కుక్క. గ్రేట్ డేన్ జాతిది. లేచి నిలబడితే దూడంత ఎత్తు. హైదరాబాదులో సువర్ణ మేనమామ స్టీవెన్ అపార్ట్‌మెంటుకు మారుతూ, "రెండు నెలలు చూడండి బావా" అని వదిలిపోయాడు. ఆ రెండు నెలలు ఎప్పుడో దాటాయి. మంచం దిగనంటున్న దాని దర్జా చూసి దొర అని పేరు పెట్టింది తాత ఏసయ్యే. ఒకప్పుడు ఊరి భూస్వామి దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచిన మనిషి, ఇప్పుడు రోజుకు పదిసార్లు "అరే దొరా, ఇటు రా" అని పిలుస్తూ మురిసిపోతున్నాడు.

"ఊరేగింపుల ముందర నడిచేది వీడే. నీరసపడొద్దు" అంటూ తాత పెద్ద బేసిన్ నిండా అన్నం, మటన్ బొక్కల పులుసు కలిపి తెచ్చాడు.

సువర్ణ ఆ బేసిన్ వైపు చూసింది. మొన్న టీకాకు నిజామాబాద్ తీసుకుపోయినప్పుడు పశువుల డాక్టరు ఆమెకే అన్నీ చెప్పాడు. ఇంత భారీ కుక్కలకు తుంటి కీళ్లు తొందరగా అరుగుతాయి, గుండె బలహీనపడుతుంది, ఆయుష్షే తక్కువ. అన్నిటికన్నా ప్రమాదం కడుపుతో. ఒకేసారి బాగా తిని, నీళ్లు తాగి, వెంటనే ఉరికితే గాలి నిండి కడుపు మెలికపడవచ్చు. ఆలస్యమైతే ప్రాణం దక్కదు.

"తాతా... డాక్టర్ సారు కొంచెం కొంచెం పెట్టుమన్నడు" అంది సువర్ణ. ఆ మాట ఆమె ఒళ్లోని గుమ్మడికాయకు తప్ప ఎవరికీ వినిపించలేదు.

ఊరేగింపు కదిలింది. డప్పులు మోగాయి. పిల్లలంతా దొర వెంట కేకలు వేస్తూ చర్చిదాకా పరుగు పందెం పెట్టారు. చర్చి ఆవరణలో బకెట్ నీళ్లు దొర గటగటా తాగేశాడు. వేలం మొదలైంది. ఒక నాటుకోడిని పైకెత్తి పాస్టరుగారు ధర పిలుస్తున్నారు. సువర్ణ తండ్రి రాజ్ కిరణ్ మీసం తిప్పుతూ పాట పెంచుతున్నాడు.

సువర్ణ మాత్రం దొరనే చూస్తున్నది. వాడు కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు, మళ్లీ కూర్చుంటున్నాడు. నోటినుంచి చొంగ తీగల్లా కారుతున్నది. వాంతి తన్నుకొస్తున్నట్టుంది గాని ఏమీ రావడం లేదు. పక్కటెముకల కింద పొట్ట ఉబ్బి డప్పులాగా బిగిసింది.

"తాతా! దొరను చూడు!"

ఏసయ్య వచ్చి పొట్ట మీద చేయి వేశాడు. "ఉబ్బరం. ఏం కాలే. ఈరవ్వా, ఇంత పల్లినూనె, వాము పట్టుకరా. మందు గొట్టం తెప్పియ్యి."

"పెద్దాయన చెయ్యి పడితే సచ్చే బర్రె లేచి గడ్డి మేస్తది" అంది పొరుగింటి ఈరవ్వ, ఉరుకుతూనే. అది నిజమే. చుట్టుపక్కల ఊళ్లలో ఉబ్బరానికి ఏసయ్య మందు అంటే అంత గురి. జనం మూగారు. నూనె వచ్చింది, పశువులకు మందు పోసే వెదురు గొట్టం వచ్చింది. తాత దొర దవడ పట్టి తల పైకెత్తాడు.

"వద్దు!"

నాటుకోడి కూడా అదిరి రెక్కలు కొట్టుకుంది.

"ఎవలు ఒర్రింది? మన సువర్ణనా?" అన్నారెవరో.

సువర్ణ అప్పటికే గొట్టానికి తన అరచేయి అడ్డం పెట్టింది. నూనె ఆమె పండుగ ఓణీ మీద కారిపోయింది. రాజ్ కిరణ్ ముఖం ఎర్రబడింది. "ఇంతమందిల తాతకు ఎదురు చెప్పేటంత దానివైనవా? తియ్యి చెయ్యి!" అంటూ కొట్టడానికి చేయి ఎత్తాడు.

"కొట్టు డాడీ! గని నూనె పోయనియ్య!" ఆమె ఆగలేదు. "అది బర్రె కాదు తాతా! బర్రెకైతే తేపు వస్తది, నోట్లకెళ్లి గాలి పోతది. దీనికి పైకి పోదు, కిందికి పోదు. నూనె పోస్తే ఊపిరితిత్తులల్ల పడ్తది. దీని కడుపు మెలిక పడ్డది!"

"మెలికనా?"

ఏసయ్య చేయి గాలిలోనే ఆగిపోయింది. ఈనే బర్రెకు గర్భసంచి మెలికపడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఏ మందూ ఆ మెలికను విప్పదు. అలాంటి బర్రెను తన చేనులోనే పూడ్చాడు. ఆయన వంగి దొర పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు తెల్లబడ్డాయి. చేతిలోని గొట్టాన్ని విసిరికొట్టాడు.

"చెయ్యి దించురా రాజ్ కిరణూ! పిల్ల చెప్పేది నిజం. బండి తియ్యి, జల్ది!"

వేలం ఆగిపోయింది. నలుగురు మగవాళ్లు దుప్పట్లో దొరను మోసి, కూరగాయలు తరలించే ఆటో ట్రాలీలో పడుకోబెట్టారు. రెబెకా ఉరికొచ్చి కూతురి చేతిలో ఫోను పెట్టింది. బండి బోధన్ రోడ్డెక్కింది.

"సార్... నేను... కోటగిరి..." పశువుల డాక్టరుకు ఫోను కలిపిన సువర్ణ మాట మళ్లీ సన్నబడింది.

"చెప్పు బిడ్డా! ఇందాక చర్చి పెంకులు ఎగిరేటట్టు ఒర్రినవ్ గద, గట్లనే చెప్పు!" అన్నాడు తాత, దొర తలను ఒళ్లో పెట్టుకొని.

ఆమె చెప్పింది. అంతా చెప్పింది. "నోట్లో ఏమీ పోయొద్దు. ఆపరేషన్‌కు అన్నీ సిద్ధం చేస్తా, ఎంత తొందరగా వస్తే అంత మంచిది" అన్నాడు డాక్టరు.

బోధన్ దగ్గర చెరుకు ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా బారులు తీరి ఉన్నాయి. రాజ్ కిరణ్ హారన్ కొట్టినా ఒక్కటీ కదలలేదు. ఏసయ్య ట్రాలీలో లేచి నిలబడి, తలరుమాలు విప్పి గిరగిరా తిప్పాడు.

"జరుగుండ్రి! పక్కకు జరుగుండ్రి! దొర వస్తుండు!"

ఏ దొరో, ఎంత పెద్దవాడో అని డ్రైవర్లు గాబరాగా బండ్లు పక్కకు తీశారు. దుప్పట్లో కుక్కను చూసి నోళ్లు తెరిచేసరికి ట్రాలీ దాటేసింది. అంత భయంలోనూ సువర్ణకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కన్నీళ్లూ వచ్చాయి. దొర ఊపిరి చిన్నగా, తెగి తెగి వస్తున్నది. "కండ్లు తెరువురా, వచ్చినం, వచ్చినం" అంటూ నిజామాబాద్ దాకా ఆమె వాడి చెవి నిమురుతూనే ఉంది.

డాక్టరు ముందు సూదితో గాలి తీశాడు. తర్వాత లోపలికి తీసుకుపోయి తలుపు మూశాడు. బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. కూతురి ఓణీ మీది నూనె మరకను చూసి రాజ్ కిరణ్ తల దించుకున్నాడు. కాసేపటికి లేచిపోయి, చాయ్ తెచ్చి ముందు ఆమె చేతికే ఇచ్చాడు.

మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది.

"బతికాడు" అన్నాడు డాక్టరు. "మెలిక విప్పి, మళ్లీ తిరగకుండా కడుపును లోపలి గోడకు కుట్టేశాను. ఒకటి రెండు రోజులు గుండెను కనిపెట్టి చూడాలి. నూనె ఏమన్నా పోశారా?"

"లేదు సార్" అన్నాడు రాజ్ కిరణ్.

"పోసుంటే చాలా కష్టమయ్యేది."

ఏసయ్య తన రెండు అరచేతుల వైపూ చూసుకున్నాడు. ఎన్నో పశువులను లేపిన చేతులు. లోపల బల్ల మీద దొర మత్తుగా కళ్లు తెరిచి, తోకను ఒక్కసారి ఆడించాడు. ముసలాయన గుమ్మం పట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

"ఇకనుంచి తిండి జాగ్రత్త. ఎవరికి చెప్పమంటారు?" అని అడిగాడు డాక్టరు.

"మా బిడ్డకు చెప్పు సార్. మా ఇంట్ల గీ సంగతి ఆమెకే ఎరుక" అన్నాడు ఏసయ్య.

డాక్టరు చెప్పాడు, సువర్ణ విన్నది. తర్వాత మెల్లగా తాతవైపు తిరిగి, "రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెం. తిన్నంక ఉరికియ్యొద్దు" అంది.

"ఏందీ? గట్టిగ చెప్పు బిడ్డా, నాకు వినస్తలేదు."

ఆమె కాస్త గొంతు పెంచింది.

"ఇంకా గట్టిగ. మీ డాడీకి గుడ వినవడాలె."

ఏసయ్యవి పాము చెవులని ఊరంతటికీ తెలుసు. సువర్ణకూ తెలుసు. చెంపలమీద నీళ్లు తుడుచుకోకుండానే, ఆ వరండా అంతా మారుమోగేలా మొదటినుంచి మళ్లీ చెప్పింది.