ఓవెన్ వేడి తగ్గించిన అమ్మాయి

కొత్త ప్లాస్టిక్ గింజలు అమ్మే అమ్మాయి ఏదో అంది. తుక్కు దొర పగలబడి నవ్వాడు. కిటికీకి ఇవతల ల్యాబ్ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

పాత ప్లాస్టిక్ కరిగించి డబ్బాలు చేసే విభాగం అతనిది. అందుకే ఫ్యాక్టరీలో అందరికీ అతను తుక్కు దొర. తనతో అయితే పొడిపొడిగా రెండు మాటలు. ఆవిడతో ఇన్ని నవ్వులా?

ఆ రోజే పరీక్ష. పాత ప్లాస్టిక్ బద్దనీ, కొత్త ప్లాస్టిక్ బద్దనీ ఓవెన్‌లో వేడిచేసి, మెషిన్‌తో లాగి చూడాలి. పాతది ఒకసారి కరిగి గట్టిపడిన సరుకు, వేడికి త్వరగా పెళుసెక్కుతుంది. అది ఓడితే మేనేజర్ కొత్త గింజలే కొంటాడు. ఆవిడ వారం వారం వస్తుంది. వారం వారం నవ్విస్తుంది.

ల్యాబ్ అమ్మాయి ఓవెన్ వేడి చప్పున తగ్గించేసింది.

పాత బద్ద భేషుగ్గా నిలిచింది. కబురందుకుని తుక్కు దొర పరిగెత్తుకొచ్చాడు. ఎగిరి గంతేస్తాడనుకుంటే, బద్దని వేళ్ళతో వంచి చూసి మొహం ముడిచాడు.

"మేడం, ఇది వేడి తిన్న బద్ద కాదు. రంగు కూడా తిరగలేదు."

"గెలిచారుగా! ఇంకేం కావాలి?"

"ఈ డబ్బాలు మండుటెండలో లారీల్లో వెళ్తాయండీ. పగిలి ఎవరి కాలి మీదైనా పడితే?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆమెకి సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనే తగ్గించాను. మీరు ఓడితే ఆవిడ వస్తూనే ఉంటుంది. మీ ఇద్దరి ఇకఇకలూ పకపకలూ నేను చూడలేను. చాలా?"

తుక్కు దొర చేతిలోని బద్దని బల్ల మీద పెట్టేశాడు.

"ఆవిడ ఏమందో తెలుసా? 'అటెండర్ ఉండగా బద్దలు ల్యాబ్‌కి రోజూ మీరే ఎందుకు మోస్తారు?' అంది. దొరికిపోయానని నవ్వాను."

"మరి నాతో నవ్వరేం?"

"మీ ముందు నోరు పెగిలితే కదా! పెళ్ళి చేసుకుంటారా అని అడుగుదామని వస్తాను. 'ఇవిగో బద్దలు' అనేసి వెళ్ళిపోతాను."

ఆమె గబుక్కున అటు తిరిగి ఓవెన్ వేడి సరిచేసింది. "ముందు పరీక్ష కానివ్వండి. తర్వాత చెప్తాను."

ఈసారి పాత బద్ద టప్పున విరిగింది. కొత్తది సాగిందే కానీ తెగలేదు. పాత సరుకులో సగం కొత్త గింజలు కలిపి మళ్ళీ చూడాలని ఆమె ఉన్నదున్నట్టు మేనేజర్‌కి చెప్పేసింది.

"అంటే... ఆవిడ వస్తూనే ఉంటుంది," అన్నాడు తుక్కు దొర భయంభయంగా.

"రానివ్వండి. మన పెళ్ళికి మొదటి పిలుపు ఆవిడకే. నేనే పిలుస్తాను."