ఎవరూ చూడని రంగు

2084 నాటికి హరజుకు వీధిలో బట్టల కొట్లు లేవు. ఒకప్పుడు ఆ టోక్యో వీధిలోనే కుర్రకారు లేసుల గౌన్లు కుట్టుకుని, జుట్టు నిండా ప్లాస్టిక్ బొమ్మలు గుచ్చుకుని, 'ఇదిగో, ఇదే నేను' అన్నట్టు ఆదివారాలు తిరిగేవారు. ఇప్పుడు అందరి ఒంటి మీదా ఒకటే బట్ట, మనోవస్త్రం. అందులోని భావతంతువులు, అంటే సన్నని న్యూరో ఫైబర్లు, మెదడులోని కోరికను చదివి క్షణంలో రంగూ రూపూ మార్చుకుంటాయి. "లోపలి మనిషిని బయటికి చూపే బట్ట ఇది" అని లోకానికి మాట ఇచ్చింది దాన్ని కనిపెట్టిన వకుళ.

ఆ మాటే ఇప్పుడు అబద్ధమయ్యేలా ఉంది.

"మళ్లీ అంతే మేడమ్," అన్నాడు సహాయ శాస్త్రవేత్త రెన్. ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చోబెడితే చాలు, ఎవరి బట్టయినా అద్దకం లేని బూడిదరంగుకు తిరిగిపోతోంది. తలుపు తెరిచి ఎవరైనా తొంగిచూడగానే మళ్లీ రంగులు విప్పుకుంటోంది.

"తంతువుల్లో లోపం ఉండి ఉంటుంది," అంది వకుళ.

"మరి ఫుమికో గారి సంగతో?"

ఫుమికో ఎనభై దాటిన బామ్మ. పడుచుతనంలో ఆ వీధిలో బొమ్మలు గుచ్చుకుని తిరిగిన మనిషి. ఒంటరి గదిలోనూ ఆమె బట్ట మీద గులాబీరంగు ఎలుగుబంట్లు గంతులేస్తూనే ఉన్నాయి. వకుళ రెన్‌ని వెంటబెట్టుకుని ఆమె దగ్గరికే వెళ్లింది. చెవిలోని అనువాద యంత్రానికి తెలుగు నేర్పింది వకుళే కాబట్టి, జపాన్ బామ్మ అచ్చం అమలాపురం మనిషిలా పలికింది.

"చూసేవాళ్లే లేరు కదా, ఎవరి కోసమండీ ఈ సింగారం?" అని అడిగింది వకుళ.

"ఆయ్, నేను లేనేంటండీ గదిలో?"

రెన్ పకపకా నవ్వాడు. వకుళకు నవ్వు రాలేదు.

"అంటే మిగతావాళ్ల లోపల ఎవరూ లేరంటావా?"

"నేనేం అనలేదు మేడమ్, మీ బట్టే అంటోంది. మీరూ ఓసారి కూర్చుని చూడకూడదూ?"

"నన్ను ఒంటరిగా కూర్చోబెట్టడం నీ వల్ల కాదు నాయనా. ఎక్కడున్నా స్వామి నన్ను చూస్తూనే ఉంటాడు. రేపు పూజకు ఇదే కట్టుకుంటాను. రంగు నిలవలేదో, ఈ బట్ట ఉత్త అబద్ధాలకోరు. తయారీ ఆపించేస్తాను."

మర్నాడు పొద్దున్నే పూజగది తలుపు దగ్గరగా వేసి దీపం వెలిగించింది. కళ్లు మూసుకుని నామాలన్నీ చదివింది. ఎక్కడా తడబడలేదు. కళ్లు తెరిచి ఒడిలోకి చూసుకుంది.

బూడిదరంగు.

చేతిలోని గంట జారి కింద పడింది. బట్టదే తప్పు, బట్టదే తప్పు అనుకుంది.

అంతలో తలుపు తోసుకుని ఆమె భర్త శేషగిరి హారతి కోసం వచ్చాడు. అతని అడుగు గడప దాటీ దాటకముందే ఒడిలోంచి భుజం దాకా చిలకపచ్చ పట్టు, ఎర్రంచు, జరీ పువ్వులు భగ్గున విచ్చుకున్నాయి.

"అబ్బ, ఇవాళ ఏం కళోయ్ నీ మొహంలో!" అన్నాడు శేషగిరి.

వకుళ స్వామి వైపు తల ఎత్తలేకపోయింది. ఇన్నేళ్ల పూజలో మొదటిసారి, ఆయన చూస్తున్నాడని ఆమెకు సిగ్గేసింది.