వెండి గిత్త పొన్నుకర్ర

హయాత్‌కి ఇద్దరు కూతుళ్ళు, ఒక కళ్ళజోళ్ళ కొట్టు, ముప్పై ఒక్క పాతకాలం చేతికర్రలు. చిలక ముక్కు పిడివి, సింహం తలవి, బంగారు పూత పోసినవి. కొత్తది ఇంటికొచ్చిన ప్రతిసారీ, "మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్న మనిషికి ఇన్ని కర్రలెందుకండీ?" అని భార్య గుల్జార్ బేగం దెప్పుతుంది. ఆయన నవ్వేసి, మెత్తటి గుడ్డతో వెండి తుడుచుకుంటూ కూర్చుంటాడు. పిచ్చే అనుకోండి. ఏదో ఒక పిచ్చి లేనివాళ్ళు ఎవరున్నారు గనక!

ముప్పై రెండోది గుంటూరు శివార్లలో, ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఉందని తెలిసింది. ఓనరు ఉదయ్ కుమార్ ఫోన్లో, "ఊరికే తీసుకెళ్ళండి సార్. మావాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు," అన్నాడు. ఆ మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించాల్సింది. హయాత్ ఆటో ఎక్కేశాడు.

మే నెల మిట్టమధ్యాహ్నం. హమాలీలు భోజనాలకు పోయారు. వాచ్‌మన్ బుల్లయ్య మూడో గది తలుపు తెరిచాడు. జానెడు మందం తలుపు. ముందు చలి ముఖాన కొట్టింది, వెనకే ఎండుమిరప ఘాటు.

"మా మేస్త్రీ రంగయ్య గారిదండీ ఆ కర్ర," అన్నాడు బుల్లయ్య గడప దాటకుండానే. "సాయంత్రం అందరూ బయటికొచ్చాక దాంతో నేల మీద మూడుసార్లు కొట్టేవారు. వినపడగానే నేను లైటు ఆర్పి గడియ వేసేవాణ్ణి. ముప్పయ్యేళ్ళు అదే పని. ఆఖరి రోజున... ఆయన లోపలే ఉండి కొట్టారండీ. నేను చూసుకోలేదు."

హయాత్ చెవికి ఇవేవీ ఎక్కలేదు. బస్తాల వరుస చివర, మేకుకి వేలాడుతోంది కర్ర. నల్లచేవ కర్ర. పిడి వెండితో చేసిన ఒంగోలు గిత్త తల, కొమ్ముల చివర బంగారం. ఆనందంతో ఆయన కళ్ళు చెమర్చాయి.

వెండి పిడి లోపల లక్క పోస్తారు. అది వదులైందో లేదో తెలుసుకోవడానికి, కర్ర అడుగున తొడిగిన లోహపు పొన్నుని నేలకు తాటించి వినడం ఆయన అలవాటు. తాటించాడు. ఒకటి. రెండు. మూడు. లక్క గట్టిగానే ఉంది.

లైటు ఆరిపోయింది.

"సరే అయ్యా!" బుల్లయ్య గొంతు. తలుపు మూసుకుంది, గడియ పడింది.

ముప్పయ్యేళ్ళు ఆ పనికి మరిగిన చేతులు!

"బుల్లయ్యా! నేను లోపలే ఉన్నాను!" అరుపుని గోడలు మింగేశాయి. ఫోను ఆటోలో మరిచాడు. చెమటకు తడిసిన చొక్కా వీపుకి మంచులా అంటుకుంది. బస్తాలు తడుముకుంటూ, దగ్గుతూ తలుపు దాకా వచ్చాడు. లోపలి వైపు పట్టుకోవడానికి పిడి లేదు. కర్రతో తలుపుని పదిసార్లు, ఇరవైసార్లు బాదాడు. చెయ్యి నొప్పెట్టి ఆగాడు.

చప్పుడు ఆగలేదు...

టక్. గది చివరి నుంచి. టక్. కాస్త దగ్గరగా. దాంతోపాటు చుట్ట వాసన. హయాత్ వీపుని తలుపుకి ఆనించాడు. ఇక జరగడానికి చోటు లేదు.

"అందరూ... వెళ్ళారా?" చెవి పక్కనే గుసగుస.

"లేదు... నేనున్నాను. నన్ను వదిలెయ్యి..."

"నేనూ అదే అన్నాను."

చల్లటి వేళ్ళు ఆయన వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీశాయి. కర్ర చేజారింది. కింద పడిన చప్పుడు మాత్రం రాలేదు.

అప్పుడు తలుపు అవతల పరుగెత్తుకొస్తున్న చెప్పుల చప్పుడు. గడియ కదిలింది! హయాత్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. అల్లా... బతికాను.

గడియ సగంలో ఆగిపోయింది.

"అరె, మీరెప్పుడు బయటికొచ్చారండీ?" బుల్లయ్య ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. "లోపలున్నారేమోనని గుండె ఆగినంత పనైంది! కర్ర బాగుందాండీ? లోపల ఇంకెవరూ లేరుగా?"

"ఎవరూ లేరు."

తలుపు అవతల వినిపించింది హయాత్ గొంతే.

సగం కదిలిన గడియ మళ్ళీ పడింది.