టైలరు బీరువా తలుపు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల ఆ గుసగుసలు ఆపండి. మూడు కాళ్ల ప్యాంటు కుట్టిన టైలరు కథ ఇది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో వీలుండదు.

ఆయనకు ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. గడియారంతో పనిలేదు. రేడియోలో పాట మొదలైతే కాలరు మొదలు, పాట అయిపోతే కాలరు పూర్తి. ఆ రోజుల్లో ఒక పాట వచ్చింది చూడండి, ఏ స్టేషను తిప్పినా అదే, కుళాయి తిప్పినా అదే! 'వాకిట లైటు వేసే ఉంచాను, తొందరగా ఇంటికి రా' అని ఓ కుర్ర గాయకుడు మెత్తగా పాడేవాడు. మిషను తొక్కుతూ టైలరు మూడు నెలలుగా కళ్లు తుడుచుకుంటున్నాడు. "ప్రేమంటే ఇదయ్యా!" అని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

ఆ ఉదయం మాత్రం కాళ్లు మిషను మీద, చెవులు లోపలి గదిలో. అక్కడ కొడుకు పెట్టె సర్దుకుంటున్నాడు. వారం కిందట ఆ ఒక్కగానొక్క కొడుకు ఎదురుగా కూర్చుని, తాను ఏ ఆడపిల్లనూ పెళ్లాడలేనని, లిఫ్టులు బాగుచేసే ఒకతన్ని ప్రేమిస్తున్నానని చెప్పాడు.

"వాడు నా గుమ్మం తొక్కకూడదు" అన్నాడు టైలరు.

"అయితే నేనూ తొక్కను" అన్నాడు కొడుకు. పది గంటలకు వ్యాను వస్తుంది.

ఇంతలో పాటకు ముందు ఆ గాయకుడే రేడియోలో మాట్లాడాడు. "ఎవరి కోసం పాడావని అందరూ అడుగుతున్నారు. నాతో కలిసి ఉంటున్న అతని కోసం. నా మనిషి అతను."

టైలరు చటుక్కున రేడియో కట్టేశాడు. "వీడు కూడానా!"

ఇక పాట లేదు. చేతులు ఆడాయి గానీ బుర్ర ఆడలేదు. బేకరీ ఆయన ప్యాంటుకు పక్కనున్న ఇంకొకరి ప్యాంటు ముక్కలు కూడా లాగి కలిపేశాడు. పైకెత్తి చూస్తే మూడు కాళ్లు వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆ బేకరీ ఆయన గుమ్మంలోకొచ్చి, ప్యాంటు చూసి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

భార్య లోపల్నుంచి వచ్చింది. "రేడియో ఎందుకు కట్టేశారు?"

"వాడి సంగతి తెలిసింది కనక."

"పాట మారిందా?"

"పాట కాదే, పాడేవాడు..."

"మూడు నెలలు ఏడ్చి ఇంట్లో తువ్వాళ్లన్నీ తడిపారు. ఎవరో ఎవరి కోసమో పాడితే కరిగిపోయారు. మనవాడు ఎదురుగా కూర్చుని అదే మాట చెబితే గుమ్మం మూశారు. మీ చెవులు మంచివేనండీ, ఇంట్లోవాళ్లకే పనిచేయవు."

"వీధిలో తలెత్తుకోవద్దా నేను?"

"వీధి వీధంతా ఆ పాటే పాడుతోంది!"

బయట వ్యాను ఆగింది. కొడుకు పెట్టెతో వచ్చాడు. తిన్నగా వెళ్లిపోకుండా మూలనున్న బీరువా తలుపు తెరిచాడు. ఆ ఇంట్లో అదొక పద్ధతి. బయటివాళ్ల కొలతలు పుస్తకంలో, ఇంటివాళ్ల కొలతలు బీరువా తలుపు లోపలివైపు సుద్దతో. అక్కడ మూడు వరుసలున్నాయి.

"నా కొలతలు నువ్వు చెరుపుతావా నాన్నా, నన్నే చెరిపి వెళ్లమంటావా?"

టైలరు గుడ్డ తీసుకున్నాడు. చెయ్యి తలుపు దాకా వెళ్లింది.

భార్య వెళ్లి రేడియో పెట్టింది, అంతే. మళ్లీ అదే పాట, సగంలో ఉంది. 'వాకిట లైటు వేసే ఉంచాను...'

టైలరు చెయ్యి ఆగింది. కొడుకు మొదటిసారి ఉద్యోగానికి వెళ్లిన రోజు బస్సు ఆలస్యమైతే, వాకిట లైటు వేసి గుమ్మంలో నిలబడింది తనే. 'తొందరగా ఇంటికి రా' అని లోలోపల వందసార్లు అనుకున్నది తనే. ఇప్పుడు వాణ్నే పంపేస్తున్నాడు. గుడ్డ జారిపోయింది.

"వ్యానులో ఎవరు?"

"అతనే. నువ్వు వద్దన్నావని దిగలేదు."

"దిగమను."

పొడుగాటి మనిషి వచ్చి, గుమ్మం దగ్గర ఎత్తిన కాలు గాల్లోనే ఆపేశాడు.

"తొక్కవయ్యా, అరిగిపోదు" అన్నాడు టైలరు, మెడలో టేపు తీస్తూ. "చేతులెత్తు. ఊపిరి బిగబట్టకు, చొక్కా బిగుసుకుపోతుంది."

కొడుకు అలవాటుగా కొలతల పుస్తకం అందుకున్నాడు.

"పుస్తకం దేనికిరా? అది బయటివాళ్లకు."

టైలరు సుద్ద తీసుకుని, బీరువా తలుపు మీద కొడుకు వరుస కింద నాలుగో వరుస రాశాడు. సుద్ద ఒకసారి విరిగింది. "నాకింకా అర్థం కాలేదురా" అన్నాడు వెనక్కి తిరగకుండా. "అర్థమయ్యేదాకా ఇక్కడే ఉండి చెప్పు."

కొడుకు పెట్టె మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లిఫ్టు మనిషి ఎత్తిన చేతులు దించడం మర్చిపోయాడు. భార్య రేడియో ఇంకాస్త పెంచింది.

గుమ్మంలో బేకరీ ఆయన కూడా ముక్కు చీది, మిషను మీది ప్యాంటును అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: "అంతా బాగుంది గానీ మాస్టారూ, ఈ మూడో కాలికి జేబు పెట్టలేదేం?"