గోరుతో గీసిన జవాబు

"మీ ప్రింటర్ అడ్రసులు మింగేస్తోందండీ!" అంటూ మా మనవరాలు తడిసిన పార్సిల్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

ప్రింటర్ల షాపు కుర్రాడు దాన్ని తిప్పి చూశాడు. లేబుల్ మీది గులాబీ పువ్వు కరిగి, అడ్రసు మీదుగా జారిపోయింది.

"థర్మల్ ప్రింటర్ తీసుకోమన్నాను. ఇంకు ఉండదు, వానకు చెరగదు అన్నాను. రంగు పూలు కావాలని ఇది పట్టుకెళ్లింది మీరే."

"థర్మల్‌ది ఖరీదెక్కువ. అంటగడుతున్నారనుకున్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను. కానీ వాన మీ పక్షాన చేరిపోయింది."

కుర్రాడికి నవ్వాగలేదు. పక్కన గొడుగు పట్టుకుని స్టూలు మీద కూర్చున్న నాకూ ఆగలేదు.

మా పిల్ల ఇంట్లో సబ్బులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. లేబుళ్లు అంటించేది నేను. ఆ వారం తొమ్మిది పార్సిళ్లు వెనక్కి వచ్చాయి. "ఈ నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత మూసేసి ఉద్యోగంలో చేరాలి" అని వాళ్ల నాన్న, అంటే మా కొడుకు, తేల్చేశాడు. మర్నాడు నాలుగింటికి కొరియర్ ఆయన వస్తాడు. అరవై పార్సిళ్లు పోవాలి. అవీ తిరిగొస్తే ఇక అంతే.

ఆ సంగతంతా నేను షాపులో చెప్పేశాను.

"తాతయ్యా!" అని పిల్ల గుడ్లురిమింది.

కుర్రాడు షాపులో వాడుకునే థర్మల్ ప్రింటర్ వైరు పీకి, లేబుళ్ల రోల్‌తో సహా ఆమె చేతిలో పెట్టాడు. "పనయ్యాక తెచ్చివ్వండి."

మర్నాడు పొద్దున్నే రోల్ ఎక్కించింది నేనే. బటన్ నొక్కితే లేబుల్ వచ్చింది, తెల్లగా. ఇంకోటి. అదీ తెల్లగానే. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ చేసిన పావుగంటకి కుర్రాడు వానలో తడుస్తూ వచ్చాడు.

"దీనికి పూత ఒకవైపే ఉంటుంది. వేడి తగిలితే నల్లబడుతుంది. ఇలా చూడండి" అని రోల్ మీద గోరుతో గీశాడు. నల్లటి గీత పడింది. "ఈ వైపు పైకి రావాలి. ఎవరో తిరగేసి పెట్టారు."

ఆ ఎవరో పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు.

నాలుగింటికి అరవై పార్సిళ్లూ వెళ్లాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ ప్రింటరే కొనేశాం. మా కొడుకు మూసెయ్యమనడం మానేశాడు.

కుర్రాడు మాత్రం రావడం మానలేదు. ఒకరోజు రోల్ వెడల్పు చూడాలట. ఒకరోజు ప్రింటర్ హెడ్ తుడవాలట.

"నిన్ననే తుడిచావు కదయ్యా?"

"మీ ఇంట్లో దుమ్మెక్కువ తాతగారూ."

"సబ్బులు చేసే ఇంట్లోనా?"

పిల్ల పెదవి కొరుక్కుంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఒక సాయంత్రం తన ఫోన్ నుంచి ఏదో నొక్కాడు. ప్రింటర్ గుర్రుమంది. "టెస్ట్ లేబుల్" అన్నాడు నేల చూపులు చూస్తూ. పిల్ల పైకే చదివింది.

"పంపినవారు, ప్రింటర్ల షాపు. అందుకునేవారు, సబ్బులమ్మాయి. లోపల ఉన్నది, ఒక మనసు. పగిలే వస్తువు, జాగ్రత్త."

చదివి కుర్రాడి వంక చూసింది.

"ఇలా అడుగుతారా ఎవరైనా?"

"నోటితో చెబితే మళ్లీ అంటగడుతున్నానంటారుగా."

పిల్ల తల వంచుకుని, ఆ లేబుల్ మీదే గోరుతో గీసింది. నల్లగా పడ్డాయి అక్షరాలు. 'అందింది. వెనక్కి పంపను.'

సరిగ్గా అప్పుడే మా కొడుకు వచ్చి లేబుల్ అందుకున్నాడు. చదివి వాళ్లిద్దరినీ చూశాడు, నన్నూ చూశాడు.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"నాకు తక్కువైంది చదువురా, చూపు కాదు."

"సరే, నిదానంగా ఆలోచిద్దాం."

"ఆలోచించు. ఈ థర్మల్ అక్షరాలు ఏడాదిలో వెలిసిపోతాయట. ఆలోపు పెళ్లి చేసెయ్."

"ఎండ తగలకపోతే ఇంకా ఎక్కువే ఉంటాయండీ" అన్నాడు కుర్రాడు, షాపు అలవాటుగా.

"నువ్వు ఊరుకో!" అంది పిల్ల.

మా కొడుకు ఫక్కున నవ్వాడు. లేబుల్ పట్టుకెళ్లి, బీరువాలో ఎండ పొడ సోకని అడుగు అరలో పెట్టి తాళం వేశాడు.