సున్నా కింద సముద్రం

"ఇది లెక్క కట్టిన మహానుబావుడు ఎవుడండీ?"

విజయనగరం నీటి లెక్కల ఆఫీసు గుమ్మంలో, ఒళ్ళంతా బస్సు దుమ్ముతో నిలబడ్డ అమ్మాయిని చూసి చినబాబు కలం కింద పెట్టాడు. ఆరు నెలలు కలకత్తాలో కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్చుకొచ్చాక అతన్ని 'ఎవుడు' అన్నవాళ్ళు లేరు.

"నేనే. ఏం?"

"నాను కూర్మమ్మని. కళింగపట్నం సముద్రంలో కొలకర్ర సూసే అసిరయ్య మా అయ్యే. ఆయన సూసి సెప్తాడు, నాను రాస్తాను. ఆటుకి నీళ్ళు కర్ర మీద గీతకి రెండడుగులు కిందకి దిగినాయని రాస్తే, మీ మిషను రెండడుగులు ఎక్కినాయని అచ్చేసినాది. మాయయ్య తాగి లెక్క సెప్తన్నాడని ఉజ్జోగం తీసేస్తారట!"

చినబాబు ప్రోగ్రాము కాగితం తిరగేశాడు. ఏ అంకెకైనా ముందు మైనస్ వస్తుందా, రాదా అని మిషన్‌కి ముందే చెప్పాలి. నీటి ఎత్తుకి 'రాదు' అని తనే రాశాడు. కలకత్తా మిషన్ బుద్ధిగా మైనస్‌లన్నీ మింగేసింది.

"నీళ్ళు సున్నా కంటే తక్కువ ఎలా ఉంటాయి? మా శృంగవరపుకోట నూతిలో సున్నా అంటే ఎండిపోయినట్టే."

"సముద్రాన్ని మీ నూతిలో కొలిసినారేటి? సున్నా అంటే కర్ర మీద గీత బాబూ! దాని కిందా సముద్రం ఉన్నాది. ఆదివారం ఆటు వేళకి రండి, సూపిస్తాను."

వెళ్ళాడు. కూర్మమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతు నీళ్ళలో కొలకర్ర పక్కన నిలబడింది. సున్నా గీత ఆమె నడుం దగ్గరుంది.

"నీళ్ళున్నాయా, నేవా? సెప్పండి మరి!" అని పకపకా నవ్వింది.

చినబాబు గీతనీ చూడలేదు, నీళ్ళనీ చూడలేదు. ఈ పిల్లకి అన్యాయం జరిగితే తను బతికి ఏం లాభం అనిపించింది. ప్రేమలో పడ్డ మొదటి గంటలో అందరికీ అలాగే అనిపిస్తుంది లెండి.

సోమవారం ఆఫీసరు నారాయణమూర్తి గారు బుజ్జగించారు. "ప్రోగ్రాము తప్పని రాస్తే నీ ప్రమోషన్ గోవిందా! ఆ ముసలాణ్ణి పోనీవయ్యా."

చినబాబు తప్పు తనదేనని రాసి సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ కళింగపట్నంలో దిగాడు.

"మీ అయ్య ఉద్యోగం నిలబడింది."

"మరి మీది?" అంది కూర్మమ్మ.

"మళ్ళీ గుమాస్తాని చేశారు. మిషన్ మైనస్ మింగేసిన లెక్కలన్నీ నేనే సరిచెయ్యాలిట."

"ఎర్రిబాబూ! మిషను మీద తోసేయనేకపోయినారా?"

"తోసేస్తే నీకు మొహం ఎలా చూపించను? నువ్వంటే నాకు ఇష్టం, కూర్మమ్మా."

వల బాగుచేస్తున్న అసిరయ్య చుట్ట తీసి ఉమ్మేశాడు.

"ఒసే కూర్మీ! తప్పు నాదేనని ఒప్పుకున్న మొగోణ్ణి ఈ ఒడ్డున నానింతవరకూ సూడనేదు. నానూ ఎప్పుడూ ఒప్పుకోనేదు, మీయమ్మనడుగు. ఈ బాబుని వొగ్గేసినావంటే నీ అంత ఎర్రిది నేదు."

కూర్మమ్మ తల వంచుకుని లోపలికి వెళ్ళి, చినబాబుకి పీట తెచ్చి వేసింది.