అష్టమి పోటు

ఆదివారం ఉదయం ఆరున్నర. పీతలమొండి మడ అడవిలో వాచ్‌మన్ సుందరరావు శవం బోర్లా పడి ఉంది.

తల వెనక గాయం. పక్కనే పీతల్ని కన్నంలోంచి లాగే ఇనప కొక్కెం. రెండు బారల దూరంలో చమురు కంపెనీ పైపు. దానికి రంపపు కోత. కోతలోంచి ఇంకా నల్లటి చుక్కలు జారుతున్నాయి. చెట్లు నలుపు. బురద నలుపు. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడవేర్లు నలుపు.

"కేసు తేలిపోయిందండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ అమ్మిరాజు. "ఆ కొక్కెం ఈ ఊళ్ళో పీతలు పట్టే జోజిదండి. రాత్రి పైపు కోస్తుంటే వాచ్‌మన్ పట్టుకున్నాడు. జోజి కొట్టేడు."

"నువ్వే తేల్చేస్తే మరి నన్నెందుకు పిలిచేవయ్యా? ఇడ్లీలు పెట్టడానికా?"

సి.ఐ. సుబ్రహ్మణ్యేశ్వరరావు పేరు ఎంత పొడుగో మనిషి అంత పొట్టి. శవం పక్కన కూడా వేళాకోళం మానడని అమలాపురం సర్కిల్ మొత్తానికి తెలుసు. కానీ ఆయన కళ్ళు మాత్రం నవ్వవు.

అమ్మిరాజు ఆయనకి పూర్తిగా విరుద్ధం. ఆరడుగుల మనిషి. కొత్తపేట వాడు. బురదంటే అసహ్యం. జారి పడకుండా ఒక మడచెట్టుని కౌగిలించుకుని నిలబడ్డాడు. వదిలి చూసుకుంటే, నిన్ననే కుట్టించుకున్న యూనిఫాం జేబు మీద నల్లటి మరక. ప్యాంటు మోకాలి మీద ఇంకోటి.

"అయ్యో! ఇంటిదానికి ఏం చెప్పనండీ?"

"డ్యూటీలో ఆడమనిషిని కాదు, చెట్టుని కౌగిలించుకున్నానని చెప్పు. నమ్మితే నీ అదృష్టం."

కంచె అవతల ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దానికే అమ్మిరాజుకి భయం వేసింది. పైపు వేసినప్పట్నించీ ఈ పాయలోకి ఊరివాళ్ళని రానివ్వడం లేదు. రేపు పదకొండు గంటలకి కలెక్టరు గారు వస్తున్నారు. మడ అడవిలో ఇంకో నాలుగు చమురు బావులు తవ్వచ్చా వద్దా అని ఊరి మాట అడుగుతారు. ఈలోగా ఊరివాడే పైపు కోసి, వాచ్‌మన్‌ని చంపేడంటే, ఇంక ఆ ఊరి మాట ఎవరు వింటారు?

రేపు పొద్దున్నే జోజిని కోర్టులో పెట్టాలి. ఉన్నది ఇవాళ ఒక్క రోజు.

* * *

పంచాయతీ ఆఫీసులో జోజి నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చేతికి బేడీ.

"కొక్కెం నీదేనా?"

"నాదేనండి."

"అక్కడికెలా వచ్చింది?"

"తెల్దండి. బుధవారం కంచె దాటేనని కంపెనీ ఇన్‌ఛార్జి గారు లాక్కున్నారండి. జీపులో పడేసుకుని వెళ్ళిపోయేరు."

"కంచె ఎందుకు దాటేవు?"

"పీతలు చచ్చి కొట్టుకొస్తున్నాయండి, వారం నించీ. ఎక్కణ్ణించో చూద్దామని."

"సుందరరావుతో గొడవ పడ్డావట?"

జోజి తల దించుకున్నాడు. "పడ్డానండి. కంపెనీ జీతం రుచి మరిగేవు బావా, ఊరేమైపోతే నీకేంటి అన్నానండి. ఆడు తిరిగి ఒక్క మాటన్లేదు. సోమవారం దాకా ఆగరా అన్నాడు. అంతే."

"సోమవారం ఏముంది?"

"చెప్పలేదండి."

గుమ్మంలో అలికిడి. సుందరరావు భార్య అచ్చాయమ్మ. జుట్టు విరబోసుకుని ఉంది. ఆమె ఏడవడం లేదు.

"తమ్ముడూ తమ్ముడూ అని నా చేత్తో అన్నం పెట్టేను కదరా," అంది. "తిన్న చెయ్యేరా అది?"

జోజి ఏదో అనబోయాడు. బేడీ వేసిన చేతిని ఒళ్ళో దాచుకున్నాడు.

* * *

సైట్ ఇన్‌ఛార్జి కామేశ్వరరావు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా. మెరిసే బూట్లు.

"మాది మండపేటండి. ఈ ఉప్పు గాలి నాకు పడదు. వచ్చి మూడు నెలలే అయింది."

"రాత్రి ఎక్కడున్నారు?"

"అమలాపురంలో. నా రూములో."

"తోడెవరున్నారండి?"

"నిద్రపోవడానికి తోడెందుకండీ?"

"కొందరికి కావాలి లెండి. మా అమ్మిరాజుకి దీపం కూడా ఉండాలి. నూనె ఎప్పట్నించి కారుతోంది?"

"రాత్రి పైపు కోసేక. అంతకు ముందు చుక్క కారలేదు. నేనొచ్చేక లీకేజీ అన్న మాటే లేదు."

"జోజి కొక్కెం మీరు లాక్కున్నారట?"

"పచ్చి అబద్ధం."

తర్వాత వచ్చినవాడు అంజిబాబు. కంపెనీ పనులకి కూలీల్ని పెట్టే కాంట్రాక్టరు. ఫ్యాను కింద కూర్చుని కూడా చెమటలు కక్కుతున్నాడు.

"ఈ మధ్య పైపు దగ్గర పనేమైనా చేసేరా?"

"లేదండి. అబ్బే. ఏం లేదండి."

"ఒక్క లేదు చాలు కదండీ. మూడెందుకు?"

అంజిబాబు చెమట తుడుచుకుని లేచాడు.

మధ్యాహ్నం పన్నెండయింది. అమ్మిరాజు వరండాలో కూర్చుని, కిరసనాయిల్లో గుడ్డ ముంచి చొక్కా మీద పెట్టబోయాడు.

"ఆగు!"

సి.ఐ. కేకకి గుడ్డ కింద పడింది. ఆయన దగ్గరికొచ్చి, జేబు మీద మరకని గోటితో గీకాడు. జిగురులా సాగింది. వంగి మోకాలి మీద మరక ముట్టుకున్నాడు. పల్చగా వేలికి అంటింది. మళ్ళీ జేబు చూశాడు. మళ్ళీ మోకాలు చూశాడు.

"రెండూ ఒకే చెట్టువా?"

"ఆయ్, ఒకటేనండి."

"అమ్మిరాజూ, ఈ చొక్కా ఉతికేవంటే నిన్ను లోపలేస్తాను."

ఆయన వీధిలోకి వెళ్ళి, కంచె దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళని ఏదో అడిగాడు. తర్వాత మొగవాళ్ళందర్నీ పోగేసి చెవిలో ఏదో చెప్పాడు. చివరి మాట మాత్రం అమ్మిరాజుకి వినబడింది.

"మూడింటికి అందరూ రండి. నేను ఎంత అడ్డమైన మాటన్నా సరే, నవ్వినవాడి మీద కేసు పెడతాను!"

* * *

మూడు గంటలు. పాయలోకి సముద్రం నీళ్ళు ఎక్కుతున్నాయి. పోటు మొదలై రెండు గంటలైంది.

అమ్మిరాజుని పొద్దున్న కౌగిలించుకున్న చెట్టుకే ఆనించి నిలబెట్టాడు సి.ఐ. గట్టు మీద కామేశ్వరరావు, అంజిబాబు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య జోజి. వెనక ఊరు. అచ్చాయమ్మ ఒక్కతే దూరంగా కూర్చుంది.

"కేసు తేలిపోయిందండి," అన్నాడు సి.ఐ. "జోజి రాత్రి పైపు కోసేడు. తెల్లారుజామున పోటొచ్చింది. నీళ్ళ మీద నూనె తేలింది. నీళ్ళు ఎంత ఎత్తుకొస్తే, చెట్టుకి అంత ఎత్తున నల్ల గీత పడింది. మా వాడి జేబు పక్కన చూడండి. అదే ఆ గీత. అంటే రాత్రి నీళ్ళు ఛాతీ దాకా వచ్చేయన్నమాట. అంతేనాండీ ఇన్‌ఛార్జి గారూ?"

గట్టు మీద ఎవరో దగ్గారు. సి.ఐ. అటు ఉరిమి చూశాడు.

"అంతేనండి," అన్నాడు కామేశ్వరరావు. ముఖం తేటపడింది. "పోటంటే అంత ఎత్తు వస్తుంది మరి. నేను చాలాసార్లు చూసేను."

"చూసేరా! అయితే ఇంకేం. రెండో పోటు కూడా చూసి పోదాం. ఎంత వస్తుందో రాసుకుంటే కోర్టుకి బలంగా ఉంటుంది."

నీళ్ళు అమ్మిరాజు పాదాలు ముంచాయి. పిక్కలు ముంచాయి. ఎవరూ కదల్లేదు. కంపెనీ జనరేటరు చప్పుడు ఒక్కటే వినబడుతోంది. అమ్మిరాజుకి కాలి వేళ్ళ మధ్య ఏదో పాకింది. కెవ్వుమనాలనిపించింది. పళ్ళు బిగించాడు.

నాలుగున్నర దాటింది. నీళ్ళు మోకాలికి తగిలాయి.

అక్కడ ఆగాయి.

"ఇంకా వస్తుందండి," అన్నాడు కామేశ్వరరావు.

ఒక ఎండుటాకు నీటి మీద తిరుగుతూ నిలబడింది. కాసేపు అటూ ఇటూ ఊగింది. తర్వాత మెల్లగా సముద్రం వైపు కదిలింది.

"రాదండి," అన్నాడు సి.ఐ. గొంతులో వేళాకోళం లేదు. "ఇవాళ అష్టమి. అష్టమి పోటు మోకాలు దాటదు. నిన్న రాత్రీ దాటలేదు. ఛాతీ దాకా రావాలంటే అమావాస్య పోటు కావాలి. అది అయిపోయి వారం దాటింది. ఈ చెట్టుకి గీతలు రెండున్నాయి. మోకాలి దగ్గరది పచ్చిది, రాత్రిది. ఛాతీ దగ్గరది ఎండి జిగురైపోయింది. అది అమావాస్యది. పైపు కోసింది నిన్న. మరి వారం ముందు నూనె ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

కామేశ్వరరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నిన్న మోకాలి లోతు నీళ్ళే వచ్చేయని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. ఛాతీ దాకా అన్నది మీరొక్కరే. ఆ పై గీతకి ఏదో ఒక కారణం దొరికితే చాలనుకున్నారు. నేనందించేను, మీరు పుచ్చుకున్నారు. పైపు అమావాస్యకే కారింది. ఎవరో గుట్టుగా అతుకు వేసేరు. ఆ అతుకు వేసినవాడే సుందరరావుని చంపేడని రాసుకుంటాను. ఏమండీ అంజిబాబు గారూ?"

"నేను చంపలేదండీ!" అంజిబాబు గట్టు మీద కూలబడ్డాడు. "క్లాంపు వేసేనండి, అంతే. ఆ వంపు దగ్గర, బురద కింద. సుందరరావే టార్చి పట్టుకున్నాడు. కలెక్టరు గారొచ్చి వెళ్ళేదాకా నోరెత్తద్దన్నారండి, ఈయన. నిన్న సాయంత్రం సుందరరావు వచ్చి, నా వల్ల కాదండి, ఊళ్ళో మొహం ఎత్తుకోలేకపోతున్నాను, సోమవారం చెప్పేస్తానన్నాడండి. నా ఎదురుగానే. ఆడు వెళ్ళేక ఈయన నా దగ్గర రంపం తీసుకున్నారు. కొక్కెం బుధవారం నించీ ఆయన జీపులోనే ఉందండి."

కామేశ్వరరావు గట్టు దిగి పరిగెత్తాడు.

మూడడుగులు. అంతే. మెరిసే బూట్లు మడ బురదలో దిగబడిపోయాయి. కాలు లాగితే బూటు రాలేదు. బూటు లాగితే మనిషి పడ్డాడు.

"తొందరేం లేదు అమ్మిరాజూ," అన్నాడు సి.ఐ. "చెట్టు వదిలి నెమ్మదిగా వెళ్ళు. ఎక్కడికీ పోలేడు."

* * *

బేడీ విప్పాక కూడా జోజి అక్కణ్ణించి కదల్లేదు. ఎవరో నీళ్ళిచ్చారు. తాగలేదు.

అచ్చాయమ్మ లేచి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె జోజికి ఎదురుగా బురదలోనే కూర్చుంది. చాలాసేపు అతని మణికట్టు వంక చూసింది.

"మూణ్ణాళ్ళుగా మీ బావ అద్దం ముందు నిలబడి మాట్లాడుకునేవాడురా," అంది. "'కలెక్టరు గారండీ, నా పేరు సుందరరావండీ' అనేవాడు. నన్ను చూసి ఆగిపోయేవాడు. అర్జీ ఏదో ఇస్తాడేమో, జీతం పెంచమంటాడేమో అనుకున్నాను. నవ్వేను కూడా."

జోజి తలెత్తాడు.

"ఆ తర్వాత మాటేంటో ఇప్పుడు తెలిసింది. రేపు నేను చెబుతాను తమ్ముడూ. నువ్వు నా పక్కన నిలబడాలి. అంతమందిలో నాకు కాళ్ళు వణుకుతాయి."

"నిలబడతానక్కా," అన్నాడు జోజి.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. వెనక్కి పోతున్న నీళ్ళ వైపు తిరిగింది.

"కలెక్టరు గారండీ, నా పేరు అచ్చాయమ్మండీ," అంది గట్టిగా. "అమావాస్య రోజున ఈ పాయలో..."

గట్టు మీద అమ్మిరాజు టోపీ తీశాడు. ఆమె చెబుతూనే ఉంది.